హెల్మెట్ కొనేముందు షాపులోనే చూసుకోవాల్సినవి

పోలీసు చెకింగులు గట్టిగా జరిగినప్పుడొకసారి, సంక్రాంతి ముందు ఒకసారి నాకు ఫోన్లు వస్తాయి. అందరూ అడిగేది ఒకటే: “ఏ హెల్మెట్ కొనమంటారు?” అంటే ఏ కంపెనీ అని. నేను కంపెనీ పేరు చెప్పను. పేరున్న కంపెనీల స్టిక్కర్లు రోడ్డు పక్కన గొడుగు కింద అమ్మేవాటి మీదా ఉంటాయి. పైగా నా తలకు సరిపోయింది మీ తలకు సరిపోవాలని లేదు. ఇంటికొకసారి చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

నాకీ పిచ్చి పట్టడానికి కారణం మా బావమరిది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలప్పుడు మా కోనసీమలో అయినవిల్లి వైపు నుంచి రాత్రిపూట వస్తున్నాడు. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, రాశి చుట్టూ రాళ్ళు పెట్టారు. రాయి కనపడలేదు, బండి జారింది. హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు, కానీ గడ్డం కింద బెల్టు పెట్టుకోలేదు. మనిషి కింద పడేలోపే హెల్మెట్ ఎగిరి కాలువగట్టు మీద పడింది. మర్నాడు వెళ్ళి తెచ్చాను. దాని మీద ఒక్క గీత లేదు. వాడికి చెవి పైన ఏడు కుట్లు.

ఆ హెల్మెట్‌ని ఇంటికి తెచ్చి హాక్సా బ్లేడుతో రెండు ముక్కలుగా కోశాను. పైన పలచటి ప్లాస్టిక్, లోపల అట్ట, అట్టకి జిగురుతో అంటించిన స్పాంజి. అంతే. దెబ్బను పీల్చుకోవాల్సిన థర్మోకోల్ పొర అసలు లేనేలేదు. బొటనవేలితో నొక్కితే ప్లాస్టిక్ లోపలికి వంగింది. అంటే బెల్టు పెట్టుకున్నా అది వాణ్ణి పెద్దగా కాపాడేది కాదన్నమాట. దాని మీద ఐఎస్ఐ ముద్ర మాత్రం నిక్షేపంగా ఉంది.

ఈ పనికి కావాల్సినవి

టైలరు టేపు ఒకటి. లేకపోతే పురికొస, స్కేలు చాలు.

ఫోన్‌లో బీఐఎస్ కేర్ అనే యాప్. ఐఎస్ఐ ముద్రకు లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్‌దే ఇది. డబ్బులేం కట్టక్కర్లేదు. షాపుకు వెళ్ళకముందే ఇంట్లో వేసుకోండి, అక్కడ సిగ్నల్ సరిగ్గా లేకపోతే ఇబ్బంది.

సుమారు వెయ్యి రూపాయలు. ఇంకాస్త ఎక్కువ పెట్టగలిగితే గ్లాసు, గాలి రంధ్రాలు కాస్త మెరుగ్గా దొరుకుతాయి గానీ, తల కాపాడుకోవడానికి అయిదు వేలు పెట్టాల్సిన పని లేదు. రెండు మూడు వందలకు మాత్రం అసలైనది రాదు.

అరగంట ఓపిక. హెల్మెట్ పెట్టుకోబోయే మనిషి కూడా రావాలి. “మా ఆయన తల నా తలంతే ఉంటుందిలెండి” అని కొనుక్కెళ్ళినవాళ్ళు మర్నాడు మార్చుకోవడానికి రావడం చాలాసార్లు చూశాను.

కొత్త బండి కొంటుంటే ఒక మాట గుర్తుపెట్టుకోండి. బండితోపాటే ప్రమాణాలకు సరిపోయిన హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే ఉంది. అడక్కపోతే చాలాచోట్ల ఇవ్వరు, అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. చేతిలో పెట్టినదానికి కూడా కింద చెప్పిన పరీక్షలన్నీ చేయండి.

1. తల కొలవండి

కనుబొమలకు ఒక అంగుళం పైన టేపు ఆనించి, చెవుల పైనుంచి, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోట మీదుగా తిప్పి కొలవండి. రెండుసార్లు కొలిచి ఎక్కువ వచ్చినదాన్ని తీసుకోండి. 56 సెంటీమీటర్లయితే సాధారణంగా చిన్న సైజు, 58 మీడియం, 60 పెద్దది, 62 ఇంకా పెద్దది. కొన్ని కంపెనీలు 580, 600 అని మిల్లీమీటర్లలో వేస్తాయి, రెండూ ఒకటే. ఈ కొలత ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తుందంతే. అసలు సంగతి తలకు పెట్టుకున్నాకే తేలుతుంది.

జడ కొప్పుగా చుట్టుకునేవాళ్ళు కొప్పు విప్పి కొలుచుకోండి. కొప్పు మీద పెట్టుకున్న హెల్మెట్ పైకి లేచి, నుదురంతా బయటికి వస్తుంది. బండి ఎక్కేటప్పుడు జడ కిందికి వేసుకుంటేనే హెల్మెట్ సరిగ్గా కూర్చుంటుంది. పూలు పెట్టుకోవాలంటే హెల్మెట్ అంచుకు కింద, జడలో పెట్టుకోండి.

2. ఏ రకమో తేల్చుకోండి

ముఖమంతా, గడ్డంతో సహా కప్పేది అన్నిటికన్నా మంచిది. బండి మీంచి పడ్డప్పుడు దవడ, ముఖం నేలకు కొట్టుకోవడం మామూలే. గడ్డం దగ్గర తెరిచి ఉండి, చెవులు కప్పి, గ్లాసు ఉన్నది రెండో ఎంపిక. మన ఉక్కకు ఊపిరాడదు అనేవాళ్ళు కనీసం దీన్నైనా తీసుకోండి.

చెవుల పైన ఆగిపోయే టోపీలాంటిది, కట్టడాల పనివాళ్ళు పెట్టుకునే పసుపు టోపీ, క్రికెట్ హెల్మెట్, ఇవేవీ బండికి పనికిరావు. పసుపు టోపీ పైనుంచి ఇటుక ముక్క పడితే కాపాడటానికి చేసింది. మనిషే వెళ్ళి రోడ్డుకు కొట్టుకుంటే అది ఏమీ చేయలేదు.

3. ముద్ర చూడండి, ముద్రను నమ్మకండి

2021 జూన్ 1 నుంచి మన దేశంలో బైకు హెల్మెట్‌కు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ముద్ర లేనిది తయారుచేయడానికీ వీల్లేదు, అమ్మడానికీ వీల్లేదు. ముద్ర దగ్గర మూడు విషయాలు వెతకండి. మధ్యలో ఐఎస్ఐ గుర్తు. దాని పైన ఐఎస్ 4151 అనే అంకె, ఇది బైకు హెల్మెట్లకు పెట్టిన ప్రమాణం నంబరు. వేరే నంబరుంటే అది వేరే వస్తువు కోసం తీసుకున్న ముద్ర. గుర్తు కింద సీఎం/ఎల్ అని ఇంగ్లిషు అక్షరాలు, వాటి పక్కన కొన్ని అంకెలు. ఈ అంకెలే తయారీదారు లైసెన్సు నంబరు.

గుర్తు ఉండి కింద అంకెలు లేకపోతే అక్కడే పక్కన పెట్టేయండి. ఇంకో మాట లేదు. కంపెనీ పేరు, సైజు, తయారైన నెల, సంవత్సరం కూడా హెల్మెట్ మీదో లోపలో ఉండాలి. మూడు నాలుగేళ్ళ కిందటి సరుకు దుమ్ము తుడిచి ఇస్తుంటే వద్దనండి.

4. యాప్‌లో నంబరు కొట్టండి

నకిలీలు చాలావరకు దొరికిపోయేది ఇక్కడే. చాలామంది వదిలేసే మెట్టు కూడా ఇదే.

బీఐఎస్ కేర్ యాప్ తెరిచి, వెరిఫై లైసెన్స్ డీటెయిల్స్ అనే చోట సీఎం/ఎల్ పక్కన ఉన్న అంకెలు కొట్టండి. ఆ లైసెన్సు ఎవరిది, చిరునామా ఏది, ఏ వస్తువు చేయడానికి ఇచ్చారు, ఇప్పుడు అమల్లో ఉందా లేదా అనేది వస్తుంది. యాప్‌లో వచ్చిన తయారీదారు పేరు హెల్మెట్ మీద ఉన్న పేరుతో కలవాలి. వస్తువు దగ్గర ఐఎస్ 4151 ఉండాలి. లైసెన్సు అమల్లో ఉండాలి.

నకిలీలవాళ్ళు నంబరు ముద్రించకుండా వదిలేస్తారని అనుకోకండి. వేరే కంపెనీ అసలు నంబరునే కాపీ కొడతారు. నంబరు కొడితే ఏదో ఒకటి వచ్చింది కదా అని ఫోన్ జేబులో పెట్టేసుకుంటే మోసపోయినట్టే. పేరు చదవండి, ఊరు చదవండి. బావమరిది హెల్మెట్ మీద నంబరు కొడితే లైసెన్సు నిజంగానే వచ్చింది. కాకపోతే అది ఇంకెవరి పేరునో ఉంది. ఆ పేరు ఆ హెల్మెట్ మీద ఎక్కడా లేదు.

షాపులో ఫోన్ పట్టుకుని నంబరు కొడుతుంటే యజమాని మొహం చూడండి. నిఖార్సైన సరుకు పెట్టినవాడు తనే అంకెలు చదివి చెప్తాడు. “ఏవండీ, ఇన్నేళ్ళ నుంచి వ్యాపారం చేస్తున్నాం, మా మీద నమ్మకం లేదా” అని మొదలెడితే నవ్వి బయటికి వచ్చేయండి.

5. లోపల వేలు పెట్టండి

హెల్మెట్ తిరగేసి, మెత్తటి బట్ట పొరను పక్కకు లాగండి. చాలా కంపెనీలవి బటన్లతో ఊడి వస్తాయి, ఊడకపోతే అంచు దగ్గర వేలు దూర్చండి. బట్టకు వెనక గట్టి థర్మోకోల్ తగలాలి. అది నెత్తి మీద, వెనకవైపు, రెండు పక్కలా ఉండాలి. నెత్తి దగ్గర మాత్రం పెట్టి పక్కలు వదిలేసినవీ ఉన్నాయి.

ఆ థర్మోకోల్ ఎందుకంటే, మన దగ్గర రొయ్యలు, చేపలు ఐస్‌లో పెట్టి పంపే పెట్టెలు ఉంటాయి కదా, వాటిలో ఒకదాన్ని వేలితో గట్టిగా నొక్కండి. సొట్ట పడుతుంది, మళ్ళీ పైకి లేవదు. తల కొట్టుకున్నప్పుడు హెల్మెట్ లోపలి పొర కూడా అలాగే నలిగి, దెబ్బను తన మీద వేసుకుంటుంది. స్పాంజి ఆ పని చేయలేదు, అది తలకు మెత్తగా ఉండటానికే. హెల్మెట్‌లోది ఐస్ పెట్టె కంటే బాగా గట్టిగా ఉంటుంది గనుక షాపులో గోరుతో గుచ్చి పాడుచేయకండి, తాకి చూస్తే చాలు.

బరువును బట్టి మంచీచెడూ తేల్చకండి. బరువుంటే గట్టిది అనే నమ్మకం మన దగ్గర చాలా ఉంది. మెడ నొప్పి తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

6. తలకు పెట్టుకుని మూడు పరీక్షలు చేయండి

బెల్టు రెండు చివరలూ చేతులతో పట్టుకుని పక్కలకు లాగి, హెల్మెట్ తలలోకి దించండి. కొత్తది కొంచెం బిగుతుగా దిగాలి. హాయిగా దిగిపోయిందంటే అది మీకు పెద్దది. బుగ్గలు కాస్త లోపలికి నొక్కుకుని, అద్దంలో చూసుకుంటే నోట్లో లడ్డూ పెట్టుకున్నట్టు కనపడాలి. ముందు అంచు కనుబొమలకు కాస్త పైన ఉండాలి, నుదురంతా లోపలే ఉండాలి.

మొదటిది ఊపు పరీక్ష. బెల్టు పెట్టుకుని, తల కదలకుండా ఉంచి హెల్మెట్‌ను చేతులతో కుడికీ ఎడమకీ తిప్పండి. నుదుటి చర్మం, బుగ్గలు దానితో పాటు కదలాలి. తల నిలబడి హెల్మెట్ మాత్రమే తిరుగుతుంటే ఒక సైజు తగ్గించండి.

రెండోది లాగుడు పరీక్ష. బెల్టు పెట్టుకునే ఉండండి. వెనక ఉన్న కింది అంచును ఇంకొకరి చేత పట్టించి, ముందుకు, పైకి లేపించండి. గట్టిగానే లేపమనండి. హెల్మెట్ తల మీంచి దొర్లి ముందుకు ఊడి వచ్చేస్తే ఆ హెల్మెట్ మీకు కాదు. సైజు మార్చండి, లేదా వేరే కంపెనీది చూడండి. ఒకే సైజు అంకె ఉన్నా లోపలి ఆకారం కంపెనీకొక రకంగా ఉంటుంది.

మూడోది కాలం పరీక్ష. పది నిమిషాలు తీయకుండా షాపులోనే తిరగండి, కబుర్లు చెప్పండి, కళ్ళద్దాలుంటే పెట్టుకోండి. తీశాక నుదుటి మీద ఒకేచోట ఎర్రటి గీత పడి నొప్పి పెడుతుంటే అది మీ తల ఆకారానికి కుదరదు. ఈ నొప్పిని “వాడితే సర్దుకుంటుంది” అని తెచ్చుకుంటే వారం తిరక్కముందే హెల్మెట్ అటక ఎక్కుతుంది. బుగ్గల దగ్గర మెత్త మాత్రం నిజంగానే కొన్నాళ్ళకు కాస్త వదులవుతుంది.

7. బెల్టు

చట్టం ప్రకారం కూడా తల మీద పెట్టుకుంటే సరిపోదు, బెల్టు బిగించాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129లో ఆ మాట ఉంది. ఉల్లంఘిస్తే 194డి కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. ఐఎస్ 4151 పరీక్షల్లో కూడా డిప్పతోపాటు బెల్టు బలాన్నీ చూస్తారు.

టిక్‌మని పడే క్లిప్పు, పళ్ళపట్టీ ఉన్న క్లిప్పు, రెండు ఇనుప రింగుల్లోంచి దూర్చి లాగేది, మూడు రకాలు దొరుకుతాయి. రింగులది గట్టిది, కానీ రోజుకు పదిసార్లు బండి ఎక్కి దిగేవాళ్ళు విసుక్కుని వదిలేస్తారు. మీరు నిజంగా రోజూ పెట్టుకునేది ఏదో అదే తీసుకోండి. పెట్టుకున్నాక గడ్డానికీ బెల్టుకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి, మూడు దూరకూడదు. నోరు బాగా తెరిచి ఆవలించండి, బెల్టు గడ్డాన్ని నొక్కి హెల్మెట్ కిందికి లాగినట్టు అనిపించాలి.

షాపులో క్లిప్పు పెట్టి రెండువైపులా గట్టిగా లాగి చూడండి. పదిసార్లు పెట్టి తీయండి. ఒక్కసారి జారినా వద్దు.

కాలువలుండే మన గోదావరి జిల్లాల వైపు నుంచి మాత్రమే వచ్చే ప్రశ్న ఒకటుంది: కాలువలో పడితే హెల్మెట్ ముంచేయదా? థర్మోకోల్ నీళ్ళలో తేలేదే, దాని బరువుకు మనిషి మునగడు. పైగా గట్టు మీంచి పడేటప్పుడు ముందు తగిలేది నీళ్ళు కాదు, రాతి కట్టడమో, తూము గోడో. అక్కడ తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పితే ఈత వచ్చినవాడూ బయటికి రాలేడు. భయం పోవాలంటే ఇంట్లో కళ్ళు మూసుకుని, ఒంటి చేత్తో క్లిప్పు తీయడం అలవాటు చేసుకోండి. నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది.

8. గ్లాసు

తెల్ల గ్లాసే తీసుకోండి. నల్ల గ్లాసు పగలు షోకుగా ఉంటుంది, రాత్రి ఏటిగట్టు మీద ఎదురుగా గేదె నిలబడ్డా కనపడదు. పొద్దుగూకే వేళ పొలాల పక్క రోడ్డు మీద పురుగులు కళ్ళల్లో పడే సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. గ్లాసు దించి ఉంటే ఆ బాధ లేదు. భీమవరం, ఆకివీడు వైపు చేపల లారీల వెనక వెళ్ళేటప్పుడు చిందే నీళ్ళకు కూడా అంతే.

ధనుర్మాసపు పొగమంచులో గ్లాసు లోపల ఆవిరి పట్టేస్తే ఒక మెట్టు పైకి లేపి గాలి తగలనివ్వండి. చుక్క షాంపూ లోపలివైపు రాసి, పొడి మెత్తటి గుడ్డతో పూర్తిగా తుడిచేస్తే కొన్నాళ్ళు ఆవిరి పట్టదు. గీతలు పడ్డ గ్లాసు మార్పించండి, ఎదురు లైట్లు పడితే ఆ గీతలన్నీ వెలిగి రోడ్డు మాయమవుతుంది.

9. బిల్లు

కంపెనీ పేరు, మోడలు, సైజు, ధర, తేదీ, షాపు పేరు ఉన్న బిల్లు తీసుకోండి. “బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది, లేకుంటే వంద తగ్గిస్తా” అంటారు. ఆ వంద వదులుకోండి. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వాణిజ్య పద్ధతి. బిల్లునీ, హెల్మెట్ మీద ముద్రనీ షాపు బయటే ఫొటో తీసుకోండి. వేడికి ఆ కాగితం మీద అక్షరాలు ఆరు నెలలకల్లా ఎగిరిపోతాయి.

ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. 3 నుంచి 7 వరకు మెట్లన్నీ వాపసు గడువు పూర్తయ్యేలోగా ఇంట్లో చేసుకోండి. అమ్మినవాడి పేరు, చిరునామా పేజీలో కనపడకపోతే అసలు కొనకండి.

వెనక కూర్చునేవాళ్ళకు, పిల్లలకు

నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి, వెనక కూర్చున్నా సరే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే పిల్లకు సరిపోయే హెల్మెట్, నడిపేవారికి పిల్లను కట్టి ఉంచే పట్టీ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. 2023 ఫిబ్రవరి నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది.

మన దగ్గర మామూలుగా కనిపించే దృశ్యం వేరు. నాన్నకు హెల్మెట్, అమ్మ తల మీద చీరచెంగు, ట్యాంకు మీద పిల్లవాడికి ఏమీ లేదు. చలానా నాన్న పేరున వస్తుంది కాబట్టి అలా. పిల్లవాడికి “పెరుగుతాడు కదా, పెద్దది కొందాం” అనకండి. చొక్కా విషయంలో ఆ మాట నడుస్తుంది. వదులు హెల్మెట్ పిల్లవాడి కళ్ళ మీదికి జారి వాడికి రోడ్డే కనపడదు, పడితే ముందు అదే ఎగిరిపోతుంది.

తరచూ చేసే తప్పులు

బెల్టు పెట్టుకోకపోవడం గురించి చెప్పేశాను. మిగతావి కూడా చూడండి.

బండి అద్దానికి తగిలించడం. అద్దం కొన లోపలి పొరలో గుచ్చుకుని గుంట పడుతుంది. పెట్రోలు ట్యాంకు మీద బోర్లించి ఎండలో రోజంతా వదిలేయడం. పెట్రోలు, కిరసనాయిలు, థిన్నర్‌తో తుడవడం. వీటితో ప్లాస్టిక్, థర్మోకోల్ రెండూ దెబ్బతింటాయి. సబ్బునీళ్ళో షాంపూ నీళ్ళో చాలు. మనం తలకు రాసే కొబ్బరినూనె, చెమట కలిసి లోపలి బట్ట వాసన కొడుతుంది, ఆ వాసనకే సగంమంది మానేస్తారు. ఊడే రకమైతే బట్ట పొరను పదిహేను రోజులకొకసారి ఉతికి నీడలో ఆరేయండి. ఊడనిదైతే లోపల పలచటి నూలు టోపీ వేసుకోండి, దళసరి తువ్వాలు మాత్రం చుట్టకండి. తువ్వాలు చుడితే హెల్మెట్ పైకి లేస్తుంది.

చెవికీ హెల్మెట్‌కీ మధ్య ఫోన్ ఇరికించి మాట్లాడటం. కింద పడితే ఆ ఫోన్ ఏం చేస్తుందో ఊహించుకోండి. “పక్క ఊరికే కదా” అని ఇంట్లో వదిలేయడం. బావమరిది పడ్డ చోటు వాళ్ళింటికి రెండు కిలోమీటర్లు. 216 హైవే మీద లారీల పక్కన జాగ్రత్తగా నడిపినవాడు ఊరి రోడ్డుకు వచ్చాకే పడ్డాడు.

ఎవరైనా పడిపోయి కనిపిస్తే

హెల్మెట్ పెట్టుకున్న మనిషి కింద పడి ఉంటే గబుక్కున దాన్ని పీకేయకండి. మెడ ఎముకకు దెబ్బ తగిలి ఉండొచ్చు, లాగితే ఇంకా పాడవుతుంది. 108కి చేయండి, గ్లాసు పైకెత్తండి, తల, మెడ కదలకుండా రెండువైపులా చేతులతో పట్టుకోండి. ఊపిరి ఆడకపోయినా, వాంతి అవుతున్నా మాత్రం తీయక తప్పదు. అప్పుడు ఇద్దరు కావాలి. ఒకరు కింద నుంచి మెడ, దవడ పట్టుకుని ఉండగా, ఇంకొకరు బెల్టు తీసి, హెల్మెట్ పక్కలు వెడల్పు చేసి నిదానంగా వెనక్కి లాగాలి. సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ ఉంది, పేరు చెప్పమని బలవంతపెట్టడానికి కూడా లేదు.

మోసపోతే

ముందు షాపుకే వెళ్ళండి. బిల్లు, ఫొటోలు, యాప్‌లో వచ్చిన వివరాల స్క్రీన్‌షాట్ చూపించి డబ్బు వాపసు అడగండి. “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని బిల్లు మీద అచ్చు వేసి ఉంటే కంగారు పడకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం కూడా అనుచిత వాణిజ్య పద్ధతే. ఈ ఒక్క మాట గట్టిగా చెప్తే చాలామంది అక్కడికక్కడే సర్దుకుంటారు.

ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబరు ఇస్తారు, రాసి పెట్టుకోండి. ముద్ర నకిలీదైతే బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు చేసే చోటు వేరే ఉంది, అక్కడా పెట్టండి. 1915వాళ్ళు మీ డబ్బు సంగతి చూస్తారు, బీఐఎస్‌వాళ్ళు ఆ నకిలీ సరుకు సంగతి చూస్తారు. అందుకే రెండుచోట్లా చేయమంటున్నాను.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ఉన్నాయి. షాపు ఎక్కడున్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, మీరు ఉండే చోటి కమిషన్‌లోనే వేయొచ్చు. సమస్య వచ్చిన నాటి నుంచి రెండేళ్ళ గడువు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి వెబ్‌సైటులో ఇంట్లోంచే దాఖలు చేయొచ్చు. ఫిర్యాదులో ఏ తేదీన ఏం కొన్నారు, ఎంత కట్టారు, లోపం ఏమిటి, షాపువాడు ఏమన్నాడు, మీకేం కావాలి, ఇంతే రాయండి. నాలుగు పేజీల ఆవేదన అక్కర్లేదు. ఇంకో సంగతి, నకిలీ హెల్మెట్‌ను కోపంతో పగలగొట్టకండి, సాక్ష్యం అదే. నేను హాక్సాతో కోసి ఆ తప్పే చేశాను. అయినా బావమరిది దగ్గర బిల్లు లేదు, వాడు కొన్న రోడ్డు పక్క గొడుగు దగ్గరికి మేం వెళ్ళేసరికి ఆ గొడుగూ లేదు.

ఎప్పుడు మార్చాలి

ఒకసారి గట్టి దెబ్బ తగిలితే పైకి బాగున్నా పని అయిపోయినట్టే, లోపల థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది. దెబ్బ తగలకపోయినా ఐదేళ్ళకు మించి వాడొద్దని చాలా కంపెనీలే చెప్తాయి. మన ఉప్పుగాలికి, చెమటకు, రోజూ వాడే హెల్మెట్‌ను నేనైతే మూడేళ్ళకు మార్చేస్తాను. ఏడాదికోసారి, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు, బెల్టు కుట్లు, క్లిప్పు చూసి, ఆరో మెట్టులోని ఊపు, లాగుడు పరీక్షలు మళ్ళీ చేయండి. లోపలి మెత్త అరిగి వదులైతే ఆ మెత్త ఒక్కటే దొరుకుతుందేమో షాపులో అడగండి.

పాతది పారేసేటప్పుడు ముందు కత్తెరతో బెల్టు కత్తిరించి, డిప్ప మీద పెయింటుతో పెద్ద ఇంటూ గుర్తు వేయండి. అలా వేయకుండా మేం చెత్తబండిలో పడేసిన ఒకటి వారం తిరక్కముందే పక్క వీధి కుర్రాడి తల మీద కనిపించింది.